సొంత ట్రాక్టరు, కిరాయి మిషను: వరిసాగులో యంత్రాల లెక్క

తెలుగు రాష్ట్రాల్లో వరి పండించే రైతుల్లో ఎక్కువమందికి సొంత యంత్రం లేదు. అలాగని యంత్రం ముట్టని మడి కూడా ఇప్పుడు దాదాపు లేదు. దుక్కి దున్నేది ఒకరి ట్రాక్టరు, కోసేది ఇంకొకరి మిషను, గడ్డి కట్టలు కట్టేది మరొకరి బేలరు. కోస్తాలో అద్దె అన్నా, తెలంగాణలో కిరాయి అన్నా, రాయలసీమలో బాడుగ అన్నా జరిగేది ఒకటే: గంటకో ఎకరాకో ఇంతని మాట్లాడుకుని యంత్రాన్ని, దాన్ని నడిపే మనిషిని కలిపి పిలిపించుకోవడం.

ఇందుకు మూలం కమతం పరిమాణంలో ఉంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1.00 హెక్టారు. అంటే రెండుచోట్లా రెండున్నర ఎకరాల లోపే. 45 హెచ్.పి. ట్రాక్టరుకు అంత నేల దున్నడం ఒక పూట పని. అయినా ఊరూరా ట్రాక్టర్లు కనిపిస్తాయి. కొన్నవాళ్లు తమ పొలం ఒక్కదాన్నే చూసుకుని కొనలేదు కాబట్టి కనిపిస్తాయి. తమ నాలుగెకరాలు దున్నుకున్నాక, అదే రోజు సాయంత్రం పక్కవాళ్ల మడిలో దిగుతారు. యూరప్‌లో వ్యవసాయ కాంట్రాక్టరు అంటే ఒక ప్రత్యేక వృత్తి. మన దగ్గర దున్నకం వరకు ఆ కాంట్రాక్టరు పక్కింటి రైతే. కోత దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. అక్కడ వేరే ఊరివాళ్లు, తరచుగా వేరే రాష్ట్రంవాళ్లు రంగంలోకి వస్తారు.

యంత్రానికి ముందు

కిరాయి పద్ధతి యంత్రంతో వచ్చిందేమీ కాదు. ఎడ్లు లేని రైతు అరకను కిరాయికి తెచ్చుకునేవాడు. ఒంటెద్దు ఉన్నవాడు మరో ఒంటెద్దువాడితో జత కట్టేవాడు. ఈ రోజు నా చేలో నువ్వు, రేపు నీ చేలో నేను అనే బదులు పని డబ్బు చేతులు మారకుండానే సాగిపోయేది. పత్తి, కంది చేలల్లో సాళ్ల మధ్య గుంటక తోలడానికి ఇప్పటికీ ఎడ్ల జత కిరాయికి పోతూనే ఉంది. మొక్క కాస్త ఎదిగాక పెద్ద ట్రాక్టరు ఆ సాళ్లలోకి దూరలేదు.

ప్రభుత్వం అద్దె దున్నకంలోకి దిగడమూ పాత సంగతే. 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టర్ సంస్థ, యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలివెళ్లిన ట్రాక్టర్లతో ఉత్తర, మధ్య భారతంలో కలుపు పట్టిన బీళ్లను దున్నించింది. 1968లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర వ్యవసాయ పరిశ్రమల అభివృద్ధి సంస్థ ఏర్పడింది. రైతులు దాన్ని ఆగ్రోస్ అంటారు. యంత్రాలను రైతు దగ్గరికి చేర్చడం దాని పనుల్లో ఒకటి. అయితే పల్లెల్లో యంత్రం పాతుకుపోవడానికి అసలు కారణం బ్యాంకు అప్పు. ట్రాక్టరు రుణం వాయిదాలను పంట చేతికొచ్చే సమయానికి, ఆరు నెలలకోసారి కట్టే ఏర్పాటు వచ్చాక మధ్యతరగతి రైతుకు కొనే ధైర్యం వచ్చింది. ఆ వాయిదా కట్టాలంటే బండి ఇతరుల పొలాల్లోనూ తిరగాలి. కిరాయి దున్నకానికి మనుషులు అలా తయారయ్యారు.

గిట్టుబాటు లెక్క

సొంతమా, కిరాయా అన్నదానికి ఇంజనీర్ల దగ్గర ఒక పాత సూత్రం ఉంది. ఖర్చును రెండుగా విడగొడతారు. బండి నడిచినా నడవకపోయినా తప్పనిది ఒకటి: తరుగుదల, వడ్డీ, బీమా, షెడ్డు. నడిస్తేనే అయ్యేది మరొకటి: డీజిలు, ఆయిలు, మరమ్మతు, డ్రైవరు కూలి. కిరాయి ధరలోంచి నడిపే ఖర్చు తీసేస్తే మిగిలేదే మొదటి రకం ఖర్చును తీర్చాలి. యంత్రాల నిర్వహణ ఖర్చు అంచనాకు భారతీయ ప్రమాణాల సంస్థ 1979లోనే ఒక మార్గదర్శకం ఇచ్చింది. దాని సంఖ్య ఐ.ఎస్. 9164.

ఒక ఊహా ఉదాహరణ వేసి చూద్దాం. ట్రాక్టరు, గొర్రు, రోటవేటరు, కేజీవీల్స్ అన్నీ కలిపి 9 లక్షల రూపాయలు అనుకుందాం. పదేళ్ల తరవాత పదో వంతు ధర, అంటే 90 వేలు చేతికొస్తుందనుకుంటే ఏడాదికి తరుగుదల 81,000. సగటు పెట్టుబడి 4,95,000 మీద పది శాతం వడ్డీ 49,500. బీమా, షెడ్డు కింద కొన్న ధరలో రెండు శాతం, 18,000. మొత్తం 1,48,500. ఇది బండి కదలకపోయినా తప్పని ఖర్చు. నడిస్తే గంటకు నాలుగున్నర లీటర్ల డీజిలు, లీటరు 97 చొప్పున దాదాపు 440. డ్రైవరుకు 110, ఆయిలు మరమ్మతులకు 100. మొత్తం 650. ఊళ్లో దున్నకం కిరాయి గంటకు 1,200 ఉంటే గంటకు మిగిలేది 550. లక్షా నలభై ఎనిమిది వేల అయిదు వందలను 550తో భాగిస్తే 270 గంటలు. ఏడాదికి అన్ని గంటలు తిరిగితే కిరాయి రేటుతో సమానం. అక్కడినుంచే లాభం.

వరి ఎకరాకు ఒక పంటలో గొర్రు దుక్కి, రోటవేటరు, రెండు చాళ్ల దమ్ము, ఎరువులూ ధాన్యమూ తోలడం కలిపితే అయిదు గంటలనుకోవచ్చు. రెండు పంటలకు పది గంటలు. కాబట్టి సొంత పొలంతోనే గిట్టుబాటు కావాలంటే రెండు పంటల మాగాణి 27 ఎకరాలుండాలి. అయిదెకరాల రైతుకు ఏడాదికి పడే పని 50 గంటలే. కిరాయికైతే 60,000తో పోతుంది. సొంత బండితో 1,81,000 అవుతుంది, గంటకు 3,620 చొప్పున. మిగతా 220 గంటలు బయట పని దొరికితేనే ఆ బండి తన ఖర్చు తాను మోస్తుంది.

ఈ అంకెలు ఊరినిబట్టి మారతాయి, సూత్రం మారదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పై లెక్కలో ధర 50 వేలు తగ్గిందనుకుంటే గిట్టుబాటు గంటలు 270 నుంచి 255కు దిగుతాయి. పదిహేను గంటల తేడాతో చిన్న రైతు నిర్ణయం మారదు. దున్నకం, కోత, నూర్పిడి వంటి సాగు పనులకు ఇచ్చే కిరాయి మీద మాత్రం జీఎస్టీ మొదటినుంచీ లేదు.

కాగితం మీది లెక్కలో పట్టనివి కొన్ని ఉన్నాయి. తరుగుదలను పదేళ్లకు పంచి రాస్తాం గానీ బ్యాంకు అంతకాలం ఆగదు. అప్పు సాధారణంగా అయిదు నుంచి ఏడేళ్లలో తీరాలి. మొదటి ఏళ్లలోనే చేతిసొమ్ము ఎక్కువ కావాలి. రెండోది బాకీ. ఊళ్లో దున్నిన కిరాయి చాలామంది పంట అమ్మాకే ఇస్తారు. పంట పోతే అదీ లేదు. బంధువుల పొలమైతే గట్టిగా అడగలేరు. ఇలా ట్రాక్టరు యజమాని తన వాయిదా కట్టుకుంటూనే ఊరికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టవుతుంది. మూడోది, ఖాళీ రోజుల్లో ఇసుకకో ఇటుకకో బండి తోలడం. వ్యవసాయ అవసరాలకని రిజిస్టరు చేసి, బీమా తీసుకున్న ట్రాక్టరు అలాంటి బాడుగలో ప్రమాదానికి గురైతే పరిహారం దగ్గర చిక్కు వస్తుంది.

కోత మిషన్లు

దున్నకంలో కొంతైనా ఎంచుకునే వీలుంటుంది. కోతలో మామూలు రైతుకు అదీ లేదు. కంబైన్ హార్వెస్టరు కొనాలంటే పాతిక లక్షలకు అటూఇటూ కావాలి. అది ఎకరా కోయడానికి పట్టేది గంట. ఒక ప్రాంతంలో కోతల రద్దీ ఉండేది నెలలోపే. ఒకేచోట నిలబెడితే ఏ యజమానీ అప్పు తీర్చలేడు. అందుకే మిషను పంట వెంట నడుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తెలంగాణ వానాకాలం వరి. నవంబరు, డిసెంబరుల్లో గోదావరి, కృష్ణా డెల్టాల సార్వా. జనవరి, ఫిబ్రవరుల్లో తమిళనాడులో తంజావూరు ప్రాంతపు సాంబా పంట. ఏప్రిల్, మేలలో మళ్లీ డెల్టాలో దాళ్వా, తెలంగాణలో యాసంగి. టైరు మిషన్లు రోడ్డు మీదే నడుచుకుంటూ వస్తాయి. చైన్ మిషన్లను లారీలకెక్కించి తెస్తారు. పంజాబ్, హర్యానా, తమిళనాడు బండ్లు, డ్రైవర్లు కోతల కాలంలో ఇక్కడి పల్లెల్లోనే మకాం. రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వేసి కోసి, ఆ బండి పక్కనే వండుకుని, అక్కడే పడుకుంటారు.

ఈ రాకపోకల మీద మనం ఎంతగా ఆధారపడ్డామో 2020లో బయటపడింది. లాక్‌డౌన్ మొదలైనప్పుడు తెలంగాణలో యాసంగి వరి పొట్ట దాటి గింజ పోసుకుంటోంది. డ్రైవర్లు, మెకానిక్‌లు, బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయే పరిస్థితి. మార్చి 27న కేంద్ర హోంశాఖ ఇచ్చిన సవరణ ఉత్తర్వులో, కోత యంత్రాలు రాష్ట్రంలోపల, రాష్ట్రాల మధ్య తిరగడానికి ప్రత్యేకంగా అనుమతిచ్చింది. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలను కూడా ఆ మినహాయింపులో చేర్చింది.

చైన్ మిషను, టైరు మిషనులలో దేన్ని పిలవాలన్నది నేల చెబుతుంది. ఆరిన మడిలో టైరు మిషను చాలు, కిరాయీ తక్కువ. తడి ఆరని డెల్టా మడిలో, వానకు పడిపోయిన చేలో చైన్ మిషను తప్ప మరొకటి దిగలేదు. తుపాను వచ్చి వెళ్లిన వారంలో చైన్ మిషనుకు ఎంత అడిగితే అంత. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో సార్వా కోతలు సాగుతున్న రోజులవి. చేను పడిపోతే గంట పని రెండు గంటలవుతుంది. గంట రేటూ పెరుగుతుంది. ఈ రెండూ ఒకదానిమీద ఒకటి పడి ఎకరా కోత ఖర్చు రెట్టింపు దాటిపోతుంది. గింజ కూడా అప్పటికి రంగు మారుతుంటుంది.

గంటకా, ఎకరాకా

కిరాయి మాట్లాడుకునే పద్ధతిలో చిన్నగా కనిపించే తేడా పనిని మార్చేస్తుంది. గంటకు మాట్లాడితే డ్రైవరుకు తొందర ఉండదు. నింపాదిగా కోస్తాడు, గింజ నేల రాలడం తక్కువ. ఎకరాకు మాట్లాడితే తొందరంతా అతనిదే. దున్నకమైతే గొర్రు లోతు తగ్గిస్తాడు. కోతైతే బండి వేగం పెంచుతాడు, గింజలు గడ్డితోపాటు వెనక నుంచి పోతాయి. అనుభవమున్న రైతు కోత నడుస్తుండగానే బండి వెనక పడిన గడ్డిని దోసిట్లోకి తీసుకుని దులిపి చూస్తాడు. అరచేతిలో గట్టి గింజలు కనిపిస్తే బండి ఆపిస్తాడు. తాలు తప్ప ఏమీ రాలకపోతే మాట్లాడకుండా గట్టు మీదికి పోతాడు.

గంట లెక్కలో తగాదా మడి ఆకారం దగ్గర వస్తుంది. అయిదు కుంటల మడిలో మిషను కోసేది ఎంతసేపో, మళ్లడానికి పట్టేది దాదాపు అంతసేపు. ఆ మళ్లే సేపుకీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. గట్టు తెంపి దారి ఇస్తే గంట తగ్గుతుంది, కానీ తరవాత గట్టు పోసుకునే కూలి రైతుదే. బండిని ఊళ్లోకి తెచ్చే మధ్యవర్తి గంటకు ఇంతని కమీషన్ తీసుకుంటాడు. అది రైతు ఇచ్చే రేటులోనే కలిసి ఉంటుంది. బయటి రాష్ట్రపు బండికి అరువు లేదు, చేనుగట్టు మీదే నగదు. పక్కింటివాడి ట్రాక్టరుకు, పరాయి బండికి రైతు దృష్టిలో పెద్ద తేడా ఇక్కడే.

మిషను కోతతో వచ్చిన మరో చిక్కు తేమ. చేత్తో కోసిన రోజుల్లో పనలు చేలో ఆరేవి, కుప్పలో మగ్గేవి, ఆ తరవాతే నూర్పిడి. మిషను నిలబడ్డ చేనును కోసి అప్పటికప్పుడే గింజ పోస్తుంది. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి అనుమతించే తేమ 17 శాతం. మిషను కిందినుంచి వచ్చిన గింజలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. దాన్ని ఆరబోయడానికి కల్లాలు లేవు. దాంతో కోతల కాలంలో రోడ్లు కల్లాలవుతున్నాయి. కోత కిరాయిలో ఆదా అయిన కూలిలో కొంత ఇలా ఆరబోత, టార్పాలిన్లు, కాపలా కింద తిరిగి ఖర్చవుతోంది. యజమాని లెక్కలోగానీ, మధ్యవర్తి లెక్కలోగానీ ఈ ఖర్చు ఎక్కడా కనిపించదు.

విత్తన వరి వేసేవాళ్లకు ఇంకో భయం. కిందటి పొలంలో కోసిన వేరే రకం గింజలు మిషను లోపల మూలల్లో మిగిలి ఉంటాయి. బాగా శుభ్రం చేయకుండా దింపితే విత్తనంలో కేళీలు కలుస్తాయి, కంపెనీ తిరస్కరిస్తుంది. కలుపు గింజలు కూడా ఇలాగే ఒక ఊరినుంచి ఇంకో ఊరికి ప్రయాణం చేస్తాయి. కిరాయి యంత్రానికి ఇది తప్పని లోపం. రద్దీలో ఉన్న డ్రైవరును అరగంట ఆపి బండి దులిపించడం చెప్పినంత తేలిక కాదు.

వంతు

యంత్రం కొన్న చిన్న రైతును ఎందుకు కొన్నావని అడిగితే చాలామంది డబ్బు లెక్క చెప్పరు, వంతు గురించి చెబుతారు. కాలువ నీళ్లు వదిలిన వారంలో ఊరంతా ఒకేసారి దమ్ముకు దిగుతుంది. అప్పుడు ట్రాక్టరు ఎవరి పొలానికి ముందు పోతుందన్నది కిరాయి రేటు నిర్ణయించదు. పొలాల వరస, చుట్టరికం, పాత బాకీ, ఎక్కువ ఎకరాలు ఒకేచోట ఉండటం నిర్ణయిస్తాయి. ఎకరం కౌలు రైతు వంతు చివర్న వస్తుంది. నారు ముదిరిపోతుంది. నాటు పదిరోజులు వెనకబడితే కోత కూడా అంతే వెనక్కి పోయి డిసెంబరు తుపానుల్లో పడుతుంది. సొంత యంత్రం మీద పెట్టే అదనపు డబ్బు నిజానికి ఈ వంతు కోసం కట్టే బీమా. గిట్టుబాటు గంటల సూత్రం దీన్ని తక్కువగా అంచనా వేస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. డెల్టాలో రెండు పంటల మధ్య దొరికే కొద్ది రోజుల వ్యవధికి ధర కట్టకుండా వేసిన లెక్క సగం లెక్కే.

కౌలు రైతుకు ఈ ఎంపిక కాగితం మీద కూడా లేదు. ట్రాక్టరు అప్పుకు బ్యాంకు భూమి తనఖా అడుగుతుంది. భూమి అతనిది కాదు. కౌలు కట్టి, కిరాయి కట్టి, పంట మిగిలితేనే అతనిది.

నాట్లలో వంతు సమస్యకు మరో దారి దొరికింది, అది యంత్రం కాదు. నాటు యంత్రానికి ట్రేలలో చాప నారు పెంచాలి, మడి బాగా చదునుగా ఉండాలి, నీళ్లు పలచగా నిలవాలి. ఈ తతంగం వల్ల అది అనుకున్నంతగా పాకలేదు. ఆ స్థానంలో బిహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమబెంగాల్ నుంచి వచ్చే నాటు బృందాలు ఎకరాకు ఇంతని గుత్త మాట్లాడుకుని నాటి వెళ్తున్నాయి. కోతకు పరాయి యంత్రం, నాటుకు పరాయి ముఠా అన్న ఏర్పాటు అనేక జిల్లాల్లో ఇప్పుడు మామూలైంది.

ఉమ్మడి యంత్రాలు

సొంతానికీ కిరాయికీ మధ్య మూడో దారి ఉమ్మడి యాజమాన్యం. ఫ్రాన్స్‌లో యంత్రాల ఉమ్మడి వాడకానికి రైతు సహకార సంఘాలు 1945 నుంచి ఉన్నాయి. జర్మనీలోని బవేరియాలో 1958లో బుఖోఫెన్ అనే ఊళ్లో మొదటి యంత్ర వలయం ఏర్పడింది. అక్కడ యంత్రాలు ఎవరివి వాళ్లవే. ఎవరి దగ్గర ఏది ఖాళీగా ఉందో చూసి మరొకరికి కుదర్చడం, లెక్క రాయడం ఆ వలయం పని. మన ఊళ్లో ట్రాక్టరు యజమాని ఫోనులో చేసేదీ ఇంచుమించు అదే, పుస్తకం మాత్రం ఉండదు.

మన దేశంలో 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్, విడి రైతులకిచ్చే సబ్సిడీతోపాటు అద్దె కేంద్రాలకూ నిధులిస్తోంది. తెలంగాణ యంత్రలక్ష్మి పేరిట ట్రాక్టర్లను సబ్సిడీపై ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2022 జూన్ 7న గుంటూరులో యంత్రసేవ పథకం కింద 3,800 ట్రాక్టర్లను, 320 కోత యంత్రాలను రైతు బృందాలకు అందించింది. ధరలో 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు రుణం, 10 శాతం బృందం వాటా. ఆలోచన మంచిదే. బండిని నడిపించడంలో మాత్రం బృందం అంత సులువుగా పని చేయదు. డ్రైవరును ఎవరు పెట్టాలి, టైరు పేలితే ఎవరు డబ్బు తీయాలి, దమ్ము వారంలో ఎవరి మడికి ముందు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి ఇంటి ముందే బండి నిలుస్తుంది. కాగితం మీద ఉమ్మడిగా మొదలై, వాడకంలో ఒకరి ట్రాక్టరుగా మిగలడానికి ఎక్కువ కాలం పట్టదు.

కొనడానికీ అద్దెకీ మధ్య పోటీయే లేకుండా వచ్చిన యంత్రం డ్రోన్. పది లీటర్ల ట్యాంకుతో పది నిమిషాల్లోపే ఎకరాకు మందు కొట్టేస్తుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే దాన్ని ఎగరేయాలి. చేతిపంపుతో మందు కొట్టుకునే రైతు డ్రోన్ కొన్నా తానుగా వాడుకోలేడు. కేంద్రం 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం ఈ కిరాయి పనిని 15,000 మహిళా సంఘాల చేతికివ్వాలనుకుంది. ధరలో 80 శాతం, 8 లక్షల రూపాయలకు మించకుండా, సాయంగా ఇస్తామంది. బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టుకోవడానికి జెనరేటరు, నీళ్ల డ్రమ్ము, మోసుకుపోవడానికి ఆటో కావాలి కాబట్టి డ్రోన్ నడిపేవాళ్లు ఒకచోట పదిహేను ఇరవై ఎకరాలు కుదిరితే గానీ బయల్దేరరు. దాంతో ఒకే కాలువ కింది రైతులు ముందుగా మాట్లాడుకుని, ఒకే రోజు మందు కొట్టించుకునేలా పిలుస్తున్నారు.